మౌంట్ విల్సన్ మీదికి కార్చిచ్చు వస్తే టవర్లనీ టెలిస్కోపులనీ ఎలా కాపాడతారు?

గట్టుమీది రేడియో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. లాస్ ఏంజెలిస్‌కి ఎగువన శాన్ గేబ్రియల్ కొండల్లో ఉన్న మౌంట్ విల్సన్ గురించి ఒక సందేహం. ఎత్తు 1,740 మీటర్లు. శిఖరం మీద 1904లో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ హేల్ నెలకొల్పిన అబ్జర్వేటరీ, అందులో ఎడ్విన్ హబుల్ పనిచేసిన 100 అంగుళాల టెలిస్కోపు. ఆ పక్కనే మహానగరం మొత్తానికి టీవీ, ఎఫ్‌ఎం ప్రసారాలు పంపే టవర్ల వరస. 2009లో స్టేషన్ ఫైర్, 2020లో బాబ్‌క్యాట్ ఫైర్, 2025 జనవరిలో ఈటన్ ఫైర్, మూడుసార్లూ కార్చిచ్చు ఆ కొండ మీదికి ఎగబాకింది. 2020 సెప్టెంబరు 15న మంట అబ్జర్వేటరీకి 500 అడుగుల దూరంలోకి వచ్చేసింది. అయినా టెలిస్కోపులు నిలిచాయి.

టవర్ ఉక్కు, గది కాంక్రీటు, డోమ్ లోహం. మరి అక్కడ అసలు కాలేది ఏమిటి? విమానాల నుంచి చల్లే ఎర్ర మందే కాపాడిందా, ఇంకేమైనా ఉందా? మంట ఒక రోజు దూరంలో ఉందంటే ఆ 24 గంటల్లో టవర్ వాళ్లు ఏం చేయాలి, టెలిస్కోపు వాళ్లు ఏం చేయాలి? పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెబితే బాగుంటుంది.

వాలుగాలి

ముందు నిప్పు సంగతి, తర్వాత మిగతావి.

కొండకొమ్ముకి మొదటి శత్రువు వాలు. చదునునేల మీద నడిచే మంట 10 డిగ్రీల వాలు ఎక్కితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. 20 డిగ్రీలకి నాలుగు రెట్లు, 30 డిగ్రీలకి ఎనిమిది రెట్లు. మంట నాలుక పైనున్న పొదల మీదికి వంగి, తాను చేరకముందే వాటిని ఎండబెట్టేస్తుంది. మౌంట్ విల్సన్‌కి దక్షిణాన ఈటన్ లోయ, ఉత్తరాన శాన్ గేబ్రియల్ నది వెస్ట్ ఫోర్క్ లోయ ఉన్నాయి. ఇలాంటి ఇరుకు లోయలు పొగగొట్టంలా గాలిని పైకి లాగుతాయి. కాబట్టి లోయ తల వచ్చి గట్టుని తాకే చోట ఉన్న గదికి మిగతావాటికన్నా ప్రమాదం ఎక్కువ. కొండ మ్యాపు ముందేసుకుని మొదట చూడాల్సింది ఇదే.

అక్కడి అడవి మనం అనుకునే చెట్ల అడవి కాదు. చాపరాల్ అంటారు. చమీస్, మాంజనీటా లాంటి మనిషెత్తు గట్టి పొదలు. బతికున్న ఆకు, సన్న కొమ్మల్లో నీరు, వాటి ఎండు బరువుతో పోలిస్తే 60 శాతానికి దిగిందంటే పచ్చి పొద కూడా ఎండుపుల్లలా అంటుకుంటుంది. వేసవి చివరికి ఆ స్థితి వస్తుంది.

రాత్రయితే మంట చల్లబడుతుందని ధీమా వద్దు. లోయ అడుగున నిజంగానే తగ్గుతుంది. కానీ చల్లగాలి కిందికి జారిపోయాక కొండ నడుం మీద వెచ్చటి పట్టీ ఒకటి మిగిలిపోతుంది. అక్కడ తెల్లవార్లూ మండుతూనే ఉంటుంది. 2022లో అరిజోనాలోని కిట్ పీక్ అబ్జర్వేటరీ మీదికి కాంట్రెరాస్ ఫైర్ ఎక్కింది జూన్ 17న, అర్ధరాత్రి దాటాకే.

ఇక మీ మొదటి ప్రశ్న. కట్టడాలు ఎక్కువగా కాలేది మంట తాకి కాదు, నిప్పురవ్వలు దూరి. పొదల్లో మంటముఖం ఒక చోట ఉధృతంగా ఉండేది నిమిషం, రెండు నిమిషాలు. రవ్వలు మాత్రం అంతకు గంటల ముందు నుంచీ, వెళ్లాక గంటల దాకా కురుస్తూనే ఉంటాయి. ట్రాన్స్‌మిటర్ గది తలుపు కింద వేలు దూరేంత సందు ఉందనుకోండి. గాలి అక్కడ సుడి తిరిగి ఎండుటాకుల్ని మూలకి పోగుచేస్తుంది. అదే సుడి రవ్వల్నీ అక్కడే పోస్తుంది. మామూలు రోజుల్లో ఏ మూల ఆకులు చేరుతున్నాయో చూసి గుర్తు పెట్టుకుంటే, కార్చిచ్చు రోజున రవ్వలు చేరే చోట్ల జాబితా మీ చేతిలో ఉన్నట్టే.

గాలి వచ్చే ప్రతి కంతకీ లోహపు జాలీ ఉండాలి. ఆస్ట్రేలియా ప్రమాణం ప్రకారం రంధ్రం 2 మి.మీ. మించకూడదు. కాలిఫోర్నియాలో అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా. ప్లాస్టిక్ దోమతెర ఒక్క క్షణంలో కరిగిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. జాలీ సన్నదైతే దుమ్ము పట్టి గాలి తగ్గుతుంది కాబట్టి నెలకోసారి బ్రష్ వేయాలి. చాలాచోట్ల ఈ బ్రష్ పని ఎగ్గొట్టి, గది వేడెక్కుతోందని జాలీనే పీకేస్తారు. సీజన్ వచ్చేసరికి గోడకి కంత మిగులుతుంది.

గది చుట్టూ మొదటి 5 అడుగుల్లో మండేది ఏదీ ఉండకూడదు. కంకర, కాంక్రీటు, అంతే. కేబుల్ రీళ్లు, చెక్క పాలెట్లు, పాత ఫోమ్ ప్యాకింగ్ అక్కడే పడేస్తారు, అవి ముందు తీయాలి. ఆ తర్వాత 100 అడుగుల దాకా పొదలు పలచగా, చెట్ల కింది కొమ్మలు 6 అడుగుల ఎత్తు వరకు కోసి ఉండాలి. ఈ 100 అడుగులు కాలిఫోర్నియా చట్టంలో ఉన్నదే. కానీ కిందివైపు వాలు 30 డిగ్రీలుంటే అది చాలదు, 200 అడుగులన్నా కావాలి. అలాగని బుల్డోజర్‌తో నేల గీకేయడం తప్పు. వేళ్లు పోతే మొదటి వానకే మట్టి జారి గై వైర్ల (టవర్‌ని పక్కల నుంచి లాగి పట్టే తీగల) దిమ్మెలు బయటపడతాయి. వేళ్లు నేలలో ఉంచి మొదలు మీదికి కోయాలి. చమీస్ మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది కనుక ఏటా కోయాల్సిందే.

ఎర్ర మందు విషయం. అది ప్రధానంగా అమోనియం ఫాస్ఫేట్ కలిపిన నీరు. మంటని ఆర్పదు. పుల్ల మండే తీరుని మార్చి వేగం తగ్గిస్తుంది, నేల మీది మనుషులకి వ్యవధి ఇస్తుంది. డీసీ-10 విమానం ఒక్కసారికి 9,400 గ్యాలన్లు వదులుతుంది. చూడ్డానికి అద్భుతమే, కానీ ఆ గీత దగ్గరికి మనుషులు చేరి పని చేయకపోతే మంట దాన్ని నెమ్మదిగా దాటేస్తుంది. పైగా ఈదురుగాలిలో విమానాలు ఎగరవు. ఈటన్ ఫైర్ మొదటి రాత్రి జరిగింది అదే.

శిఖరాన్ని నిలబెట్టేది ముందే కోసి ఉంచిన నేల, పైన నిలబడిన ఫైర్ ఇంజన్ల సిబ్బంది, ఎదురు నిప్పు. రోడ్డు అంచునో, కోసిన గీత అంచునో పట్టుకుని, అసలు మంట పైకి రాకముందే కింది పొదలకి తామే నిప్పు పెడతారు. నిప్పుని బొట్లుగా రాల్చే డ్రిప్ టార్చ్‌లో డీజిల్ మూడు నాలుగు పాళ్లు, పెట్రోలు ఒక పాలు. గట్టు పై అంచున మొదలుపెట్టి పట్టీలు పట్టీలుగా కిందికి దిగుతారు. అలా చేస్తే ఏ పట్టీ మంటకీ పైకి పరిగెత్తే చోటు ఉండదు. గాలి దిశ చూడకుండా పెడితే మనం పెట్టిన నిప్పే మనమీదికి వస్తుంది. కనుక ఇది ఫైర్ అధికారుల పని, టవర్ సిబ్బంది చేయకూడని పని.

నీళ్ల లెక్క కూడా చెబుతాను, చాలామంది దీంట్లోనే దెబ్బతింటారు. మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీ దగ్గర 5 లక్షల గ్యాలన్లకి పైగా నిల్వ ఉంది, అంటే సుమారు 19 లక్షల లీటర్లు. ఒక హోస్ నిమిషానికి 475 లీటర్లు తీసుకుంటే, ఐదు హోస్‌లు ఆపకుండా నడిపినా 13 గంటలు వస్తుంది. చాలా మంచి నిల్వ. కానీ ట్యాంకు శిఖరం మీదే, గదులూ శిఖరం మీదే అయితే ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? 10 మీటర్ల ఎత్తుకి 1 బార్ ఒత్తిడి. నాజిల్ దగ్గర 7 బార్ కావాలంటే ట్యాంకు 70 మీటర్లు పైన ఉండాలి. లేకపోతే పంపు కావాలి. అది కరెంటు పంపు అయితే, కార్చిచ్చులో ముందు పోయేది కరెంటే. డీజిల్ పంపు ఒకటి, దానికి విడిగా ఇంధనం, ఫైర్ ఇంజన్ల హోస్‌కి సరిపడే మరలున్న కప్లింగులు ఉన్నాయో లేదో సీజన్‌కి ముందే బిగించి చూడాలి.

ఫీడర్‌లైను

వాలుగాలి గారు చెప్పిన చివరి మాటనే అందుకుంటాను. 2019-20 ఆస్ట్రేలియా కార్చిచ్చుల్లో టెలికాం కేంద్రాలు నాలుగు గంటలకి మించి ఆగిపోయిన ఘటనల్లో, మంట నేరుగా కాల్చినవి 1 శాతం. కరెంటు పోవడంవల్ల ఆగినవి 88 శాతం. అది అక్కడి నియంత్రణ సంస్థ లెక్క. కాబట్టి టవర్ వాళ్లకి కార్చిచ్చు అంటే మొదట కరెంటు సమస్య.

డీజిల్ లెక్క ఇలా వేసుకోండి. 20 కిలోవాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ గోడ నుంచి సుమారు 29 కిలోవాట్లు లాగుతుంది. ఏసీలు, లింకులు, దీపాలు కలిపి 40 అనుకోండి. డీజిల్ సెట్ కిలోవాట్-గంటకి 0.28 లీటరు తాగుతుంది, అంటే గంటకి 11 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు 90 గంటలు. వినడానికి బాగానే ఉంది, కానీ మంట ఆరాక కూడా దారి తెరవడానికి వారాలు పట్టొచ్చు, ట్యాంకర్ పైకి రాదు. అందుకే శక్తిని నాలుగో వంతుకి దించాలి. అలా 6 డీబీ (డెసిబెల్స్) తగ్గినా నగరంలో కారు రేడియోకి వినబడుతుంది, ఇంధనం మాత్రం దాదాపు రెట్టింపు రోజులు వస్తుంది. ఒక జాగ్రత్త. పెద్ద సెట్టుని 30 శాతం లోపు లోడు మీద రోజుల తరబడి నడిపితే కాలని డీజిల్ పొగగొట్టంలో జిగటగా పేరుకుంటుంది. కార్చిచ్చు సీజన్‌లో పొగగొట్టం నుంచి నిప్పుకణాలు ఎగరడం ఎవరికీ మంచిది కాదు. రోజుకోసారి లోడు పెంచి కాసేపు నడపండి. జనరేటర్ గాలి ఫిల్టర్లు బూడిదలో చాలా త్వరగా మూసుకుపోతాయి. సెట్టుకి కనీసం మూడు అదనంగా పెట్టుకోండి, రేడియేటర్ ముందు బూడిద పొర కూడా చూస్తూ ఉండండి.

తర్వాత గాలి. బయటి గాలిని లోపలికి లాగి చల్లబరిచే గది అయితే పొగ, బూడిద నేరుగా పవర్ ఆంప్లిఫయర్ల మీద కూర్చుంటాయి. మంట దగ్గరికి రాకముందే డ్యాంపర్లు (గాలి దారికి ఉండే తలుపులు) మూసి, లోపలి గాలినే తిప్పే ఏసీకి మార్చాలి. 20 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ గదిలోకి వదిలే వేడి 9 కిలోవాట్లు, అంటే రెండున్నర టన్నుల ఏసీ. అంత ఏసీ లేదా? శక్తి దించండి. అంతేగాని డ్యాంపరు తెరవొద్దు.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. పొగ డిటెక్టర్లు. బయటి అడవి పొగ సన్నగా లోపలికి చేరగానే డిటెక్టరు మోగి, మొత్తం గదికి కరెంటు కట్ చేస్తుంది, లేదా నిప్పార్పే గ్యాస్ సిలిండర్లు వదిలేస్తుంది. అసలు నిప్పు వచ్చినప్పుడు సిలిండరు ఖాళీ. మంట చుట్టుపక్కల ఉన్నన్నాళ్లూ ఆ ఆటోమేటిక్ చర్యని మాన్యువల్‌కి మార్చి, అలారం మాత్రం ఉంచాలి. గదిలో మనిషి లేకపోతే కెమెరాతో చూసి నిర్ణయించే ఏర్పాటు ఉండాలి.

టవర్ ఉక్కుకి పొదల మంట పెద్దగా ఏమీ చేయదు. ఉక్కు బలం సగానికి పడాలంటే 550, 600 డిగ్రీలు కాసేపు తగలాలి. దెబ్బ తినేది దానికి కట్టిన ప్లాస్టిక్. గది నుంచి టవర్ దాకా కోయాక్స్ (ప్రసార శక్తిని యాంటెన్నాకి మోసే కేబుల్) అడ్డంగా వెళ్లే భాగం నేలకి దగ్గరగా ఉంటుంది, దాని కిందే గడ్డి పెరుగుతుంది. లోపలి పాలిథిన్ ఫోమ్ 110 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పైతొడుగు చెక్కుచెదరకపోయినా లోపలి రాగి తీగ మధ్య నుంచి పక్కకి ఒరుగుతుంది. బయట నుంచి కనబడదు. ఆ అడ్డ కేబుల్ కింద 3 మీటర్ల వెడల్పున కంకర పోయడం అన్నిటికన్నా చవకైన రక్షణ.

గై వైర్లలో పాలిమర్ తాళ్లు వాడిన టవర్లుంటే, కింది భాగం తప్పకుండా ఉక్కు తీగే ఉండాలి. దిమ్మె దగ్గర ఎండుగడ్డి మండితే పాలిమరు తెగిపోతుంది. ఒక్క గై తెగితే టవర్ కూలినట్టే. టర్న్‌బకిల్ (తీగ బిగువు సర్దే మర) చుట్టూ, దిమ్మె చుట్టూ 3 మీటర్లు బోసిగా ఉంచండి.

ప్రత్యామ్నాయ ట్రాన్స్‌మిటర్ గురించి. మౌంట్ విల్సన్ పక్కనే మౌంట్ హార్వర్డ్ మీదా టవర్లున్నాయి. రెండూ ఒకే మంట దారిలో ఉన్నాయి, రోడ్డూ ఒకటే. అత్యవసర కేంద్రం వేరే కొండ మీద, వేరే కరెంటు లైను మీద లేకపోతే ఖర్చు దండగ. చుట్టూ ఇళ్లు ఖాళీ చేయించే వేళ జనం వినేది ఆ స్టేషన్లనే, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

గట్టుమీది రేడియో

ఫీడర్‌లైను గారూ, చాలా ఉపయోగపడే వివరాలు. ఒక్కటి అడుగుతాను. సిబ్బంది టవర్ల మధ్య నీళ్లు కొడుతున్నప్పుడు ప్రసారం ఆపాలా?

ఫీడర్‌లైను

నేల మీద ఉన్నవాళ్ల కోసం పూర్తిగా ఆపక్కర్లేదు, కానీ మౌంట్ విల్సన్ లాంటి గుంపు టవర్ల చోట రేడియో తరంగాల తీవ్రత చాలా ఎక్కువ. అమెరికాలో ఎఫ్‌ఎం శ్రేణికి చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీవాట్ అనేది ఆ పనిలో శిక్షణ పొందినవాళ్ల పరిమితి, సామాన్య జనానికి 0.2. ఫైర్ సిబ్బంది రెండో కోవలోకే వస్తారు. కంచె లోపల ఏ చోట్లు ఈ పరిమితి దాటతాయో మ్యాపు మీద ఎర్రగా రంగు వేసి, గేటు దగ్గర లామినేట్ చేసి పెట్టాలి. సిబ్బంది ఆ చోట్లలోకి వెళ్లాల్సి వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు అందులోనే ఉండాలి, ఫోన్ రాగానే శక్తి దించాలి.

ఇంకో ఇబ్బంది వాళ్ల చేతి రేడియోలు. వీహెచ్‌ఎఫ్ వాకీటాకీలు పక్కనే ఉన్న ఎఫ్‌ఎం ధాటికి చెవుడు పడతాయి. అవతల పక్క అరుస్తున్నా వినబడదు. గాలి తిరిగింది, వచ్చేయండి అన్న మాట వినబడకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. స్టేషన్ ఫైర్‌లో 2009 ఆగస్టు 30న ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఒక దశలో శిఖరం మీది సిబ్బందినే కిందికి దించి, తర్వాత మళ్లీ పంపారు. దారి ఒక్కటే కావడమే కారణం. ఏ టవరూ మనిషి కన్నా ఎక్కువ కాదు.

టవర్ దీపాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరకూడదు. పొగలో హెలికాప్టర్ పైలట్లకి గై వైర్లు అసలే కనబడవు. దీపాల సర్క్యూటుని విడి బ్యాటరీ మీద పెట్టండి.

చుక్కలదారి

అబ్జర్వేటరీ వైపు నుంచి నేను రాస్తాను. ఇక్కడ మంట ఒక శత్రువు, బూడిద రెండో శత్రువు. రెండోది ఎక్కువ కాలం ఉంటుంది.

మంట ఏం చేయగలదో 2003 జనవరి 18న ఆస్ట్రేలియాలోని ‘మౌంట్ స్ట్రోమ్లో’ అబ్జర్వేటరీ చూపించింది. కొండ చుట్టూ పైన్ తోటలు. ఒక్క మధ్యాహ్నంలో ఐదు టెలిస్కోపులు, వర్క్‌షాపు, ఇళ్లు కాలిపోయాయి. 1868 నాటి గ్రేట్ మెల్‌బోర్న్ టెలిస్కోపు వాటిలో ఒకటి. జెమిని అబ్జర్వేటరీ కోసం కట్టి పంపడానికి సిద్ధమైన నిఫ్స్ అనే వర్ణపట పరికరం కూడా బూడిదైంది, దాన్ని మళ్లీ మొదటినుంచి కట్టారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, డోమ్ రేకు పలచన. లోపల చెక్క, రంగు, కేబుళ్లు అంటుకుంటే డోమ్ నిలవదు. పదేళ్లకి, 2013 జనవరి 13న, ఆస్ట్రేలియాలోనే సైడింగ్ స్ప్రింగ్ అబ్జర్వేటరీ మీదికి వాంబిలాంగ్ ఫైర్ వచ్చింది. అక్కడ ‘స్ట్రోమ్లో’ నుంచి పాఠం నేర్చి చెట్లు దూరం చేసి, కంతలకి జాలీలు వేసి ఉంచారు. బస చేసే లాడ్జి పోయింది, చుట్టుపక్కల 50కి పైగా ఇళ్లు పోయాయి, టెలిస్కోపులు మాత్రం దక్కాయి. కిట్ పీక్‌లోనూ అంతే. డార్మిటరీతో సహా నాలుగు కట్టడాలు కాలాయి, అందులో ఒక్కటీ టెలిస్కోపు డోమ్ కాదు.

ఇక ఆ 24 గంటలు. టెలిస్కోపుని క్షితిజం వైపు వంచి నిలపండి. నెత్తి మీదికి చూస్తూ వదిలేస్తే పైనుంచి రాలేదంతా నేరుగా అద్దం మీదే పడుతుంది. అద్దం మూత వేసి, దాని మీద శుభ్రమైన షీటు కట్టండి. డోమ్ చీలికని మంట వచ్చే దిక్కుకి వ్యతిరేకంగా తిప్పి ఆపండి. ఆ తర్వాత డోమ్ మోటారుకి కరెంటు తీసేయండి, లేకపోతే తెగుతూ వస్తూ ఉండే కరెంటుకి అది దానంతటదే కదలొచ్చు.

డోమ్ గోడ మీద తిరిగే చోట చుట్టూతా ఒక సందు ఉంటుంది, రెండు మూడు వేళ్ల మందం. మామూలు రబ్బరు పట్టీ వాననే ఆపుతుంది, రవ్వ పడితే అదే అంటుకుంటుంది. అక్కడ రాతి ఉన్ని కుక్కి, పైన లోహపు టేపు వేయాలి. డోమ్‌ని చల్లబరిచే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేయండి. అవి నడిస్తే ఆ సందులోంచే పొగనంతా లోపలికి లాగుతాయి. లోపలికి ఫిల్టర్ చేసిన పొడిగాలి కొద్దిగా పంపగలిగితే, గాలి ఎప్పుడూ లోపలి నుంచి బయటికే కారుతుంది. అన్నిటిలోకీ మంచిది అదే.

డిటెక్టర్లు, అంటే టెలిస్కోపు వెలుగుని పట్టే సెన్సార్లు. ద్రవ నైట్రోజన్ మీద ఉన్నవీ, కంప్రెసర్ మీద ఉన్నవీ కరెంటు పోతే వేడెక్కుతాయి. వేడెక్కడం నష్టం కాదు, అదుపు లేకుండా వేడెక్కడం నష్టం. లోపల గడ్డకట్టి ఉన్న తేమ, నూనె ఆవిరి అన్నీ వదులై చివరికి సెన్సార్ మీదే పేరుకుంటాయి. కరెంటు పోతుందని ముందే తెలిస్తే మీరే నెమ్మదిగా, మామూలు పద్ధతిలో వేడెక్కించి, వాక్యూమ్ వాల్వు మూసి వదిలేయండి. వారం తర్వాత మళ్లీ చల్లబరచడం తేలిక.

మంట వెళ్లాక బూడిద సంగతి. టెలిస్కోపు అద్దం మీద ఉండే అల్యూమినియం పూత మందం సుమారు 100 నానోమీటర్లు. కట్టె బూడిదలో కాల్షియం, పొటాషియం క్షారాలుంటాయి. నీటితో కలిస్తే పీహెచ్ 10 దాటుతుంది. అల్యూమినియంకి క్షారం పడదు. పొడిగా ఉన్న బూడిద కొన్నాళ్లు ఊరుకుంటుంది, ఒక్క రాత్రి మంచు పడితే పూతని తినేస్తుంది. అందుకని బూడిద పడ్డ అద్దం ఉన్న డోమ్‌లో తేమని అదుపులో పెట్టడం అన్నిటికన్నా ముందు.

గుడ్డతో తుడవొద్దు. బూడిదలో ఇసుకలాంటి గరుకు కణాలుంటాయి, గీతలు పడతాయి. గాలి ఊదొద్దు, బూడిద అంతా లేచి తిరిగి అద్దం మీదే కూర్చుంటుంది. ముందు డోమ్ లోపలి రేకు, మెట్లు, నేల పైనుంచి కిందికి హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో లాగి, తడిగుడ్డతో తుడవాలి. అంతవరకు అద్దం మూత తీయకూడదు. మూత తీశాక టెలిస్కోపుని వంచి, ద్రవ కార్బన్ డయాక్సైడ్ సిలిండరు నుంచి మంచుపొడిని పైఅంచు నుంచి కిందికి చల్లాలి. ఆ రేకులు దుమ్మును పట్టుకుని జారిపోతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఇది చేయొద్దు, చల్లబడిన అద్దం మీద నీరు పడుతుంది. పొగ నుంచి వచ్చే జిడ్డు మసి ఈ పద్ధతికి లొంగదు. దానికి క్షారం లేని సబ్బు, శుద్ధమైన నీరు, స్నానం చేయించినట్టు ధారాళంగా. అదీ చాలకపోతే పూత తీసేసి కొత్తగా అల్యూమినియం వేయడమే.

వాలుగాలి

చుక్కలదారి గారి మాటకి ఒకటి కలుపుతాను. ఎర్ర మందు డోమ్ మీదో, టవర్ మీదో పడితే ఎండకముందే మంచినీళ్లతో కడిగేయాలి. ఎండితే గట్టిగా పట్టేస్తుంది, లవణం కాబట్టి లోహాన్నీ తింటుంది. ఇన్సులేటర్ల మీద ఆ పొర ఉండగా కరెంటు ఇస్తే, మంచు పడిన రాత్రి పొర మీదుగానే కరెంటు దూకుతుంది.

నురుగు, జెల్ అని రెండున్నాయి. నురుగు గంటలోపే ఆరిపోతుంది. జెల్ కొన్ని గంటలు ఉంటుంది, కానీ వేడి ఎండుగాలిలో అదీ పొట్టులా రాలుతుంది. మంట ఎప్పుడు వస్తుందో తెలియకుండా పొద్దున్నే రాసి వెళ్లిపోతే సాయంత్రానికి గోడ పొడిగా ఉంటుంది. చెక్క గదులూ, చెక్క కరెంటు స్తంభాలూ ఉంటే అల్యూమినియం పూసిన అగ్నినిరోధక గుడ్డ చుట్టడం నయం. 2021లో సెకోయా పార్కులో జనరల్ షెర్మన్ చెట్టు మొదలుకి చుట్టింది అదే.

పచ్చగడ్డిపోచ

మన దగ్గర అన్వయం కూడా చూద్దాం. జావాది కొండల్లో కావలూరులో 2.3 మీటర్ల వేణు బాపు టెలిస్కోపు ఉంది. శేషాచలంలోనూ నల్లమలలోనూ గట్ల మీద టవర్లున్నాయి. కానీ మన మంట తీరు వేరు. ఇక్కడ ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాల్చిన అడవిలో నేల మీది గడ్డి, ఎండుటాకులు మండుతాయి. మంట మోకాలెత్తు, నడుమెత్తు. చాపరాల్ మంటలా పది మీటర్లు లేవదు. అందుకే 3 మీటర్ల శుభ్రమైన ఫైర్ లైను కూడా ఇక్కడ చాలాసార్లు పని చేస్తుంది. ఆకులు ఊదే బ్లోయర్ ఒక్కటి ఉంటే ఇద్దరు మనుషులు పూటలో కొండచుట్టు గీత గీయగలరు. గీత గీసిన వారానికి మళ్లీ ఆకులు రాలతాయి, మళ్లీ ఊదాలి, అంతే తేడా.

అయితే తేలిగ్గా తీసుకోవద్దు. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది. బోద గడ్డి ఉన్న వాలు మీద గాలి తోడైతే మంట పరిగెడుతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ హెచ్చరికలు ఫోన్‌కి వస్తాయి, వాటికి నమోదు చేసుకోండి. కానీ మంటల్ని గుర్తించే ఉపగ్రహ సెన్సార్ విర్స్‌కి కనబడేది 375 మీటర్ల చదరం. ఉపగ్రహం రోజుకి కొన్నిసార్లే పైనుంచి వెళ్తుంది. అర గంట క్రితం మీ గట్టు కింద మొదలైన మంట అందులో ఉండదు. సీజన్‌లో టవర్ మీద కెమెరా ఒకటి లోయ వైపు తిప్పి పెట్టండి.

గట్టుమీది రేడియో

అందరికీ ధన్యవాదాలు. ఆఖరిది. మంట వెళ్లిపోయింది, గది నిలిచింది. ట్రాన్స్‌మిటర్ మళ్లీ ఆన్ చేసే వరస ఏమిటి?

ఫీడర్‌లైను

మొదట దారి. కాలిన చెట్లు రోజుల తర్వాత కూడా గాలి లేకుండానే కూలతాయి. ఫైర్ అధికారులు తెరిచామని చెప్పేదాకా పైకి వెళ్లొద్దు. వానాకాలం దగ్గర్లో ఉంటే కాలిన వాలు నుంచి మట్టి, రాళ్లు రోడ్డు మీదికి దిగుతాయి. కాబట్టి తెరవగానే మొదటి ట్రిప్పులోనే డీజిల్, ఫిల్టర్లు ఎక్కించండి.

పైకి వెళ్లాక గై దిమ్మెలు చూడండి. కాంక్రీటు పెచ్చులూడిందా, టర్న్‌బకిల్ గ్రీజు కాలిందా, తీగ మీది జింకు పూత రంగు మారిందా. జింకు 419 డిగ్రీలకి కరుగుతుంది. పూత కరిగి బొట్లు కట్టిందంటే ఆ తీగకి వేడి గట్టిగా తగిలిందని అర్థం, బిగువు కొలిచి మార్చే ఆలోచన చేయాలి. అప్పటిదాకా టవర్ ఎవరూ ఎక్కకూడదు.

తర్వాత కోయాక్స్. లోపల పొడిగాలి ఒత్తిడి చూడండి. మామూలుగా 3 నుంచి 5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) నిలవాలి. గంటలో పడిపోతే ఎక్కడో కరిగి కంత పడింది. ఒత్తిడి నిలిచినా నమ్మకండి, అనలైజర్‌తో లైను మొత్తం స్వీప్ చేసి (ఈ చివర నుంచి ఆ చివర దాకా సిగ్నల్ పంపి కొలిచి) పాత రికార్డుతో పోల్చండి. గ్రాఫులో ఏ మీటరు దగ్గర కొత్త గుబ్బ కనిపిస్తే అక్కడ ఫోమ్ మెత్తబడి తీగ ఒరిగింది. పాత రికార్డు లేకపోతే పోల్చడానికేమీ ఉండదు, కాబట్టి లైను బాగున్న ఈ రోజే ఒక స్వీప్ తీసి కొండ మీద ఒకటి, కింద ఆఫీసులో ఒకటి ఉంచండి.

అది సరిగ్గా ఉంటే గది బూడిద వాక్యూమ్ చేసి, ఫిల్టర్లు మార్చి, పొగ డిటెక్టర్లని తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టి, 10 శాతం శక్తితో మొదలుపెట్టండి. అర గంట ఆగి, వెనక్కి తిరిగొచ్చే శక్తి పెరగలేదని చూసి 25, తర్వాత 50. ప్రతి మెట్టు దగ్గరా కోయాక్స్ కనెక్టర్లని ఉష్ణమాపకంతో బయట నుంచి చూడండి, చేత్తో కాదు. పక్కనున్న కనెక్టరు కన్నా ఒకటి 10 డిగ్రీలు ఎక్కువుంటే అక్కడే ఆపేయండి. పూర్తి శక్తికి వెళ్లడం మర్నాడు, పగటిపూట, గదిలో మనిషి ఉండగానే.